పాతది ఇస్తేనే కొత్తది

ఆ జిల్లా పెద్దాసుపత్రిలో చీపురు కావాలంటే అరిగిపోయిన చీపురు పట్టుకెళ్ళి చూపించాలి. బల్బు కావాలంటే మాడిపోయిన బల్బు, కత్తెర కావాలంటే మొండిబారిన కత్తెర. 'పాతది ఇస్తేనే కొత్తది' అని స్టోర్స్ గది గోడమీద ఎర్రరంగుతో, బారెడు అక్షరాలతో రాయించారు. ఈ నియమం పుట్టకముందు దుప్పట్లూ, బకెట్లూ, కత్తులూ వాటంతటవే కాళ్ళొచ్చి నడిచిపోయేవట. పుట్టాక ఒక్క వస్తువూ పోలేదు. రోగులు పోయారు గాని, ఆ లెక్క స్టోర్స్‌ది కాదు.

ఈ నియమాన్ని ఉద్యమంగా మార్చిన ఘనత సూపరింటెండెంట్ డాక్టర్ శోభనాచలపతిది. పైనుంచి 'సున్నా నష్టం' అని ఒక పథకం దిగిందో లేదో, ఆయన వరండా పొడుగునా 'పరికరమే ప్రాణం' అని బ్యానర్లు కట్టించాడు. పొద్దున్నే నర్సుల్ని వరసగా నిలబెట్టి, కత్తెర మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించేవాడు. ఆ సమయంలో కాన్పుకొచ్చిన ఆడమనిషి ప్రమాణం అయ్యేదాకా ఓపిక పట్టాల్సిందే. రాష్ట్రంలో ఆస్తిని అందరికంటే భద్రంగా కాపాడిన ఆసుపత్రికి వెండి షీల్డు ఇస్తారు. దానికి ఇక ఒక్క తనిఖీ మిగిలుంది.

అదిగో, ఆ రోజుల్లోనే యల్లమంద కుడి డొక్కలో నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చాడు.

యల్లమంద ఆర్టీసీ కండక్టరు. పల్నాటి ఎండల్లో సున్నపురాళ్ళ మధ్య ఊరిన నీళ్ళు తాగుతూ, బస్సు ఆగినచోట మరుగుదొడ్డి ఉండక, మరుగుదొడ్డి ఉన్నచోట బస్సు ఆగక, ఏళ్ళతరబడి బిగబట్టుకుని టిక్కెట్లు కొట్టినవాడు. అట్లాంటివాడి కిడ్నీలో రాయి పుట్టకపోతేనే వింత. పుట్టిన రాయి జారి మూత్రనాళంలో ఇరుక్కుంది. భార్య పున్నమ్మ ప్రైవేటుకి పోదామని మొత్తుకుంది.

"గవర్నమెంటోణ్ణయ్యుండి గవర్నమెంటు ఆసుపత్రిని నేనే నమ్మకపోతే ఎట్టానే?" అన్నాడు యల్లమంద.

పైగా ఎక్స్‌రేకి పోతూ స్టోర్స్ గోడమీద రాత చదివి, నొప్పిలో కూడా మొహం విప్పారించుకున్నాడు. "చూశావటే పున్నీ? అచ్చం మా డిపో రూలే. పాత టైరు జమచేస్తేనే కొత్త టైరు ఇస్తారు మాకూ."

"అందుకేగా మీ బస్సులన్నీ రోడ్డు పక్కన పడుంటయ్," అంది పున్నమ్మ.

ఆపరేషన్ చేసిన డాక్టర్ కృపావరం మంచి పనిమంతుడు. చేతుల్లో విద్య ఉంది గాని నోట్లో నాలుక లేదు. నడుం కిందికి మత్తిచ్చాడు కాబట్టి యల్లమందకి అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఒంటికి పచ్చగుడ్డ అడ్డం కట్టి ఉంది. కోత లేకుండా మూత్రం దారిలోంచే సన్నని గొట్టం పంపి, దాని కొసనున్న కెమెరాతో రాయిని చూసి, సన్నతీగలతో అల్లిన చిటికెడంత బుట్టని దాని దగ్గరికి తోసి, విచ్చి, రాయిని అందులో పట్టి లాగెయ్యాలి. అంతే పని.

"పడింది!" అన్నాడు డాక్టరు. యల్లమంద మనసులోనే కోటప్పకొండ స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత గుడ్డ అవతల సామాను చప్పుళ్ళే వినపడ్డాయి.

"ఏందండీ, వచ్చిందా?" అన్నాడు యల్లమంద గుడ్డ ఇవతల్నుంచి.

"రావట్లేదండీ. బుట్ట రాయిని పట్టుకుంది. రాయేమో నాళాన్ని పట్టుకుంది. పోనీ వదిలెయ్యమంటే తీగలు బిగుసుకుపోయి వదలట్లేదు."

"కాస్త గట్టిగా గుంజండి సార్."

"గట్టిగా గుంజితే నాళమే ఊడి చేతికొస్తుంది," అన్నాడు డాక్టరు. కంగారు పడొద్దనీ, ఇట్లా జరగడం అరుదేమీ కాదనీ, పుస్తకాల్లో దీనికి విరుగుడు కూడా ఉందనీ చెప్పాడు. బుట్ట పిడి విప్పేసి, గొట్టం బయటికి తీసి, మళ్ళీ పక్కనుంచి లోపలికి పోయి, లేజర్ తీగతో రాయిని బుట్టలోనే పొడిచేస్తే రెండూ బయటికొస్తాయి. అరగంట పని. లేజర్ తీగ కోసం నర్సుని స్టోర్స్‌కి పంపాడు.

నర్సు ఉత్తచేతులతో వచ్చింది. "పాతది ఇవ్వమంటున్నారు సార్. రాళ్ళు తీసే సామానంతా ఒకటే పద్దంట. బుట్ట తిరిగొస్తేనే తీగ ఇస్తారంట."

డాక్టరు విప్పిన పిడిని పంపించి చూశాడు. 'పిడి ముట్టినది. బుట్ట రావలసియున్నది' అని రసీదు వచ్చింది. చేసేదిలేక, ఒంట్లోంచి బయటికి వేలాడుతున్న బుట్ట తీగ కొసని యల్లమంద తొడకి ప్లాస్టరుతో అంటించి, వార్డుకి పంపేశాడు. అయినా యల్లమంద దిగులు పడలేదు. రూలున్నచోట న్యాయం ఉంటుందని ఆయన నమ్మకం.

స్టోర్ కీపరు చిదంబరరావు లంచం ముట్టడు. ముట్టినా బాగుండేది. లంచగొండి ఎక్కడో ఒకచోట కరుగుతాడు. నిజాయితీపరుడైన మూర్ఖుణ్ణి కరిగించడం దేవుడి తరం కూడా కాదు. మర్నాడు డాక్టర్ కృపావరం స్వయంగా ఆ కిటికీ ముందు నిలబడ్డాడు.

"బుట్ట పేషెంటు లోపల ఉండిపోయిందండీ చిదంబరరావు గారూ."

"తెప్పించండి."

"తెప్పించడానికే తీగ కావాలి."

"తీగ ఇవ్వడానికే బుట్ట కావాలి." చిదంబరరావు కళ్ళజోడు తుడుచుకుని కాస్త మెత్తబడ్డాడు. "పోనీ, వస్తువుని ప్రత్యక్షంగా చూపించండి. చూశాక ఆలోచిద్దాం."

యల్లమందని స్ట్రెచరు మీద స్టోర్స్ దగ్గరికి తోసుకొచ్చారు. "చూపిద్దాం పదండి, దాందేముంది. రూలు ప్రకారం పోతే పనులయ్యే అయితయ్," అని ఆయనే అందరికీ ధైర్యం చెప్పాడు. చిదంబరరావు కిటికీలోంచి చెయ్యి చాపి, స్కేలుతో దుప్పటి పైకెత్తి, వంగి చూశాడు. ఫినాయిలు కోసం వరసలో నిల్చున్న ఆయమ్మలు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. పెళ్ళయిన నాటి నుంచీ పరాయివాళ్ళ ముందు చొక్కా కూడా విప్పని యల్లమందకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఇది తోక. నాక్కావాల్సింది తల," అని దుప్పటి దించేశాడు చిదంబరరావు. "స్టాకు పూర్ణరూపంలో రావాలి."

"ఆయన చెప్పేదాన్లోనూ పాయింటుందే పున్నీ..." అన్నాడు యల్లమంద తిరిగి పోతూ.

"రాయి ఉంది నీ డొక్కలో కాదయ్యో, తలకాయలో," అంది పున్నమ్మ.

ఆవిడ చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదు. ఆ తీగేదో బయట కొట్లో కొనుక్కొస్తానంది. బయటి సామాను లోపలికి రానిస్తే లోపలి సామాను బయటికి పోతుందనీ, సున్నా నష్టం కింద అది నిషేధమనీ చెప్పారు. అయితే మొగుణ్ణి గుంటూరు తీసుకుపోతానని ఆటో పిలిచి గేటుదాకా వచ్చింది. అక్కడ వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"ఆసుపత్రి ఆస్తి ఉందమ్మా ఆయన ఒంట్లో. గేట్ పాస్ లేకుండా పోనియ్యను."

"మనిషి ప్రాణం మీదికొస్తే గేట్ పాస్ ఏందయ్యా?"

"మనిషికి పాస్ అక్కర్లేదమ్మా. బుట్ట ఇక్కడ పెట్టేసి మనిషిని నిక్షేపంగా తీసుకుపో."

వార్త సూపరింటెండెంట్ దాకా పోయింది. డాక్టర్ శోభనాచలపతి విషయాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అర్జెంటుగా సమావేశం పెట్టాడు, జీడిపప్పు తెప్పించాడు. కృపావరం నిలబడి, నాళం మూసుకుపోయిందనీ, మూత్రం దిగక కిడ్నీ ఉబ్బుతోందనీ, లేజర్ తీగ ఇప్పించకపోతే పక్కన కోసైనా రాయినీ బుట్టనీ తీసేస్తాననీ గొణిగాడు.

"కోతా?" సూపరింటెండెంటు చేతిలో జీడిపప్పు ఆగిపోయింది. "కోసేటప్పుడు బుట్ట తెగితే? ప్రభుత్వ ఆస్తి ధ్వంసము క్రిందికి వచ్చును. తనిఖీ ముంగిట అట్టి సాహసము కూడదు. ఇప్పుడు నేనడుగు ప్రశ్నలకు సూటిగా సమాధానమిమ్ము. సదరు పరికరము పోయినదా?"

"పోలేదు సార్. లోపలే ఉంది."

"ఎక్కడున్నదో మనకు తెలియునా?"

"కుడి మూత్రనాళంలో సార్."

"ఎక్కడున్నదో తెలిసిన వస్తువు పోయినట్లు కానేరదు. అది నిల్వయందున్నట్లు. నిల్వయందున్న వస్తువు వార్డులో ఉండవచ్చునా?"

కృపావరం ఏదో చెప్పబోయి, "ఉండకూడదు సార్" అని ఊరుకున్నాడు. అది ఆయనకి బాగా అలవాటైన పని.

ఆ సాయంత్రానికి యల్లమంద మంచాన్ని స్టోర్స్ గదిలోకి మార్చారు. ఒకపక్క ఫినాయిలు డబ్బాలు, ఒకపక్క చక్రాలూడిన స్ట్రెచర్లు. కాలి బొటనవేలికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ కట్టారు. బుట్ట వచ్చిన అట్టపెట్టె మీద 'చల్లని, పొడి ప్రదేశమున భద్రపరచవలెను' అని ఉంది కాబట్టి చిదంబరరావు ఒక ఫ్యాను పెట్టించి, నీళ్ళచెంబు తీయించేశాడు.

"రాళ్ళ జబ్బోళ్ళు బాగా నీళ్ళు తాగాలంటగా!" అని పున్నమ్మ చెంబు లాక్కోబోయింది.

"అది వార్డు రూలమ్మా. ఈయన ఇప్పుడు స్టోర్స్ పరిధిలో ఉన్నాడు. తేమ తగిలితే తుప్పు పడుతుంది," అన్నాడు చిదంబరరావు ఎంతో బాధ్యతగా. పున్నమ్మ కొంగు తడిపి తెచ్చి, ఆయన అటు తిరిగినప్పుడల్లా మొగుడి నోట్లో పిండేది.

ఇక మిగిలిన దారి కండెమ్నేషన్ కమిటీ. పాడైపోయిన వస్తువుని పాడైపోయిందని ఒప్పుకునే పెద్దల గుంపది. వాళ్ళు ఒప్పుకుంటే బుట్ట స్టాకులోంచి ఎగిరిపోతుంది, లేజర్ తీగ చేతికొస్తుంది. కృపావరం ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అర్జీ పెట్టాడు. కమిటీ ముగ్గురూ యల్లమంద మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. యల్లమందకి అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది.

"ఈ పరికరము యొక్క విధి ఏమి?" అన్నాడు అధ్యక్షస్థానంలో ఉన్న సూపరింటెండెంటు.

"రాయిని పట్టడం సార్."

"పట్టినదా?"

"పట్టింది సార్."

"విడిచినదా?"

"అదే సార్ గొడవ. విడవడం లేదు."

సూపరింటెండెంటు మిగతా ఇద్దరి వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "తన విధిని ఇంత దృఢముగా నిర్వర్తించుచున్న పరికరమును పాడైనదని ఏ మొగముతో వ్రాయుదుము? ఈ ఆసుపత్రిలో పట్టిన పనిని విడువనిది అదొక్కటే."

"కానీ బయటికి రావట్లేదు సార్!"

"బయటికి వచ్చుట దాని విధులయందు పేర్కొనబడలేదు."

'పనిచేయుచున్నది' అని ఏకగ్రీవంగా తీర్మానించారు. జ్వరంలో మూలుగుతున్న యల్లమందకి ఆ మాటలు దూరంగా వినపడ్డాయి. మొదటిసారి ఆయనకి రూలు మీద కోపం రాబోయి, అలవాటు లేక ఆగిపోయింది.

రాత్రి గడిచి తెల్లారేసరికి చలి, వణుకు పట్టుకున్నాయి. కృపావరం రక్తపరీక్ష చూసి సూపరింటెండెంటు గదికి పరుగెత్తాడు. లోపల చీము పట్టిందన్నాడు. వీపులోంచి చిన్న గొట్టం వేసి దించుదామన్నా ఆ గొట్టం కూడా రాళ్ళ పద్దులోదే అయిపోయిందనీ, ఇవాళ కాకపోతే కిడ్నీ దక్కదనీ అన్నాడు. ఆ మనిషి గొంతు అంత గట్టిగా లేవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ వినలేదు.

సూపరింటెండెంటు కోప్పడలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "కిడ్నీ మన స్టాకులో ఉన్నదా?"

"కిడ్నీ... స్టాకులో ఎట్లా ఉంటుంది సార్?"

"లేదు కదా. మరి అది పోయినచో నష్టము మన ఖాతాలోకి ఎట్లు వచ్చును? వృథాగా ఆందోళన చెందకుము. పదకొండింటికి తనిఖీ బృందము వచ్చుచున్నది. టై సరిచేసుకొనుము."

ఇట్లాంటివాణ్ణి తిట్టడానికి తెలుగులో మాటలు లేవని కాదు. చాలానే ఉన్నాయి. పున్నమ్మ తలుపు బయట నిలబడి వాటిలో చాలావరకు వాడింది కూడా. కానీ లోపల ఏసీ ఉంది, తలుపు దళసరిది.

తనిఖీ బృందం చేమంతి దండలు వేయించుకుని, కత్తెరలు లెక్కపెట్టి, చీపుళ్ళు లెక్కపెట్టి, ఆఖరికి యల్లమంద దగ్గరికి వచ్చింది. బృందనాయకుడు దుప్పటి ఎత్తి తీగ చూశాడు. కాలి బిళ్ళ మీద నంబరు తన దగ్గరున్న నంబరుతో పోల్చుకున్నాడు. మంచం ఇనపకమ్మీలు గలగలా మోగుతున్నాయి.

"అదేమిటి, పరికరం వణుకుతోందేం?"

"పరికరము కాదండీ," అన్నాడు శోభనాచలపతి వినయంగా. "అది పెట్టె."

"ఓహో," అన్నాడు నాయకుడు. పెట్టె నాణ్యత బాగోలేదనీ, వచ్చే ఏడాది మెరుగైనవి తెప్పించుకోమనీ సలహా ఇచ్చి ముందుకు కదిలాడు.

యల్లమంద ఆ మాట విన్నాడు. జీవితమంతా తనొక ప్రభుత్వోద్యోగి ననుకున్నాడు. రోగి ననుకున్నాడు. పున్నమ్మ మొగుణ్ణనుకున్నాడు. పెట్టె ననుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. తేమ తగిలిందని చిదంబరరావు వెంటనే తుడిపించాడు.

వరండాలో చప్పట్లు మోగాయి. వెండి షీల్డు వచ్చేసింది.

షీల్డు బీరువాలోకి చేరాక శోభనాచలపతి ప్రసన్నుడయ్యాడు. కృపావరాన్ని తనే పిలిచాడు. "ఇక కోతకు అభ్యంతరము లేదు. ఒక్క షరతు. బుట్టకు చిన్న గాటు కూడా పడరాదు. దాని చుట్టూ ఉన్నది ఏమి తీసివేసినను మాకు సమ్మతమే."

కోసే కత్తి థియేటర్లోనే ఉంది. దానికి స్టోర్స్‌తో పనిలేదు. మొదటి రోజే ఆ కత్తి పట్టుకుని ఉంటే చాలు, రాయితో సరిపోయేది. పట్టమని చెప్పేవాడు లేకపోయాడు. పట్టాల్సినవాడికి వెన్నెముక లేకపోయింది. ఆ సాయంత్రం కృపావరం పొట్ట తెరిచి చూస్తే కిడ్నీ చీముతిత్తిలా ఉంది. కిడ్నీ, నాళం, రాయి, బుట్ట అన్నీ కలిపి ఒకే ముద్దగా తీసి ట్రేలో పెట్టాడు. మనిషి బతికాడు. అది మాత్రం కృపావరం చేతిచలవే.

థియేటరు గుమ్మంలో చిదంబరరావు కాచుకుని ఉన్నాడు. ముద్దలోంచి బుట్టని జాగ్రత్తగా విడదీసి, కడిగి, రెండుసార్లు తెరిచి మూసి చూశాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కిడ్నీ ఉన్న ట్రేని పక్కకి జరిపి, 'పూర్ణరూపమున ముట్టినది' అని సంతకం పెట్టి, ఆ గంటలోనే కొత్త బుట్టా, లేజర్ తీగా రెండూ పంపించాడు. మాట తప్పే మనిషి కాదు.

యల్లమంద కోలుకున్నాడు. ఇంటికి పంపే రోజున కృపావరం మంచం పక్కన నిలబడి, నేలవైపు చూస్తూ, ఎడమ కిడ్నీలో కూడా చిన్న రాయి కనపడుతోందనీ, బాగా నీళ్ళు తాగాలనీ చెప్పాడు. క్షమించమని అడగాలనుకున్నాడు గాని, అదీ నోట్లోంచి రాలేదు.

అంతలో చిదంబరరావు కొత్త అట్టపెట్టె చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఎడమవైపు కూడా ఉందటగా! ఇంక మీకు ఏ ఇబ్బందీ ఉండదు కండక్టరు గారూ. పాతది జమయిపోయింది కాబట్టి ఈసారి కొత్త బుట్టతోనే చేస్తారు. సీలు కూడా తియ్యలేదు, చూడండి."

పున్నమ్మ చేతికి దొరికిన వస్తువు కోసం చుట్టూ చూసింది. యల్లమంద ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. మెల్లగా లేచి కూర్చుని, కుడి డొక్కలో కుట్ల మీద చెయ్యి వేసుకున్నాడు.

"పాతది ఇస్తేనే కొత్తది. అంతేగాండీ మీ రూలు?"

"అక్షరాలా అంతే," అన్నాడు చిదంబరరావు ఛాతీ విప్పి.

"నా పాత కిడ్నీ మీకు జమచేశా. ట్రేలో పెట్టి మరీ ఇచ్చా. కొత్తది ఇప్పించండి, పోతాను."

చిదంబరరావు నవ్వలేదు. అడిగింది న్యాయమైన ప్రశ్న అనిపించింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, స్టాకు పుస్తకమంతా మనసులోనే తిరగేశాడు.

"ఆ ఐటమ్ మన దగ్గర లేదండీ," అన్నాడు చివరికి, నిజంగానే నొచ్చుకుంటూ. "ఉంటే ఇవ్వకపోదునా?"

భార్య భుజం మీద చెయ్యి వేసుకుని యల్లమంద గేటుదాకా నడిచాడు. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి, సంచీ విప్పించి, చీర మడతలు దులిపించి చూశాడు.

"ఆసుపత్రిది ఏమన్నా పట్టుకుపోతన్నారా?"

"లేదు నాయనా," అంది పున్నమ్మ. "మాదే ఇచ్చి పోతన్నాం. దానికేమన్నా పాస్ రాసిస్తావా?"

అట్లాంటి పాస్ లేదని చెప్పి, వాచ్‌మన్ గేటు తీశాడు.